ఆదిమూలం గిల్లిన చిగుళ్ళు

వాసవాంబ ఊటీ నుంచి తిరిగి వచ్చిన రోజు ఆమె చేతిలో ఒక తడి తువ్వాలు మూట ఉంది. కారు దిగి ఇంట్లోకి కూడా పోకుండా నేరుగా తోటలోకి వచ్చి, బావి దగ్గర నిలబడి ఆ మూట విప్పింది. లోపల చిటికెన వేలంత లావున నాలుగు పుల్లలున్నాయి.

"ఆదిమూలం, వీటిని బతికిస్తావా?" అని అడిగింది.

అది 1963. మద్రాసు మైలాపూరులో ఆ బంగళాలోకి వాళ్ళు వచ్చి రెండేళ్ళయింది. అంతకు ముందు జార్జిటౌనులో, కింద వక్కల మండీ, పైన కాపురం. ఆ వక్కల దుమ్ముకి వాసవాంబకి ఉబ్బసం పట్టుకుంది. భర్త దామోదరం శెట్టి మండీని అక్కడే ఉంచి సంసారాన్ని గాలి ఆడే చోటికి మార్చాడు. అయినా తగ్గలేదు. డాక్టరు మూడు నెలలు కొండ మీద ఉండి రమ్మన్నాడు. ఆమె బస చేసిన ఇంటి ముందర, నీటి పక్కన, కొమ్మలన్నీ తల విరబోసుకున్నట్టు నేల దాకా వేలాడే చెట్టొకటి ఉండేదట. రోజూ దాని కిందే కూచునేదట. ఆ చెట్టు పుల్లలే ఇవి.

తోటమాలి ఆదిమూలం ఒక పుల్ల తీసుకుని, చివర ఉన్న ఒక్క ఆకునీ నలిపి వాసన చూశాడు. అతనికి అప్పుడు ముప్ఫై ఏళ్ళు. ఊత్తుకోట పక్కన, అరణి ఏటి గట్టున ఉన్న ఊరు అతనిది. తాతల కాలం నుంచీ అరవదేశంలో ఉన్నా ఇంట్లో తెలుగే. ఏటి గట్టున మొక్కలూ, వాటి మధ్య పశువులూ తప్ప చిన్నప్పుడు అతను ఇంకేమీ చూసినవాడు కాదు.

"అమ్మా, మా ఊరి ఏట్లో ఏటిపాల అని ఒక చెట్టుండాది. దీని ఆకూ అట్లనే ఉండాది. ఇది దాని చుట్టమే అనుకుంటా. నీళ్ళంటే ప్రాణం దీనికి. ఈ ఊరి ఎండకి తట్టుకుంటుందో లేదో చెప్పలేను. చూస్తాను."

దామోదరం శెట్టి నవ్వాడు. "ఊటీ పోయి పుల్లలా తెచ్చేది?" అన్నాడు. అన్నాడే గానీ, బావి పక్కన మంచి చోటు ఖాళీ చేయించి ఇచ్చాడు.

నాలుగు పుల్లల్లో రెండు వారంలో ఎండిపోయాయి. మూడోది చిగిర్చి, ఒక మధ్యాహ్నం వడగాలికి మాడిపోయింది. నాలుగోదానికి ఆదిమూలం తాటాకు పందిరి వేశాడు. పడమటి ఎండ తగలకుండా గోనెసంచి కట్టి, దాన్ని పూటకి మూడుసార్లు తడిపాడు. ఇసుక, ఎర్రమన్ను, మాగిన పేడ కలిపి పోశాడు. స్నానాల గది నుంచి వచ్చే నీళ్ళు పక్కకి పోకుండా చిన్న కాలవ తీసి మొదట్లోకి మళ్ళించాడు. ఆ ఎండాకాలం గడిచేసరికి అది ఆదిమూలం నడుము ఎత్తయింది. మరో రెండేళ్ళకి ఇంటి కిటికీ అందుకుంది. ఇంట్లో అందరూ దాన్ని ఊటీ చెట్టు అనేవాళ్ళు. ఒక కాలేజీలో చెట్ల పాఠం చెప్పే ఆయనెవరో వచ్చి, ఈ చెట్టు మద్రాసులో బతకదని ఇంగ్లీషులో చెప్పి, దాని నీడలో నిలబడి కాఫీ తాగి వెళ్ళాడు.

చెట్టు పెద్దదయ్యాక అసలు పని మొదలైంది. దాన్ని వదిలేస్తే కొమ్మల మీద కొమ్మలు పడి లోపల గాలాడక కుళ్ళిపోయేది. ఎక్కువ కోస్తే ఎండ దెబ్బ తినేది. ఏడాదికి ఒక్కసారి, వానలు వెనకపట్టి చలిగాలి ఉండగా, సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో కత్తెర పట్టుకునేవాడు ఆదిమూలం. ముందు ఒక పూటంతా కత్తెర ముట్టకుండా చెట్టు చుట్టూ తిరిగేవాడు. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి తిరిగినవి చూసి గుర్తు పెట్టుకునేవాడు. నేలకి తగిలే చివర్లు జానెడు పైకి కోసేవాడు. వాసవాంబ కుర్చీ వేసుకుని చూసేది.

"ఆ కొమ్మ బాగుంది కదా, ఎందుకు కోస్తా ఉండావు?"

"బాగుందమ్మా. కానీ అది దాని పక్కదాన్ని తొక్కుతా ఉండాది. ఈడ చూడండి, చిగురు లేచే కన్ను. ఈ కన్నుకి పైన కోస్తే ఇది లేస్తుంది. కింద కోస్తే మోడే."

తరువాత పేడా ఎర్రమన్నూ కలిపిన ముద్దని కోసిన చోటల్లా రాసేవాడు, పుండుకి మందు రాసినట్టు. మూడేళ్ళకి వాసవాంబకి కూడా కన్ను గుర్తుపట్టడం వచ్చింది. చిన్న కొమ్మలు ఆమే కోసేది. కోసి అతనివైపు చూసేది. అతను తల ఊపితే ఆమె మొహం వెలిగేది. ఇంట్లో ఆమెతో అంతసేపు మాట్లాడేవాళ్ళు వేరే లేరు. భర్త పొద్దున మండీకి పోతే దీపాలు పెట్టాక వచ్చేవాడు. ఒక్కడే కొడుకు, ఆదికేశవులు, స్కూలూ స్నేహితులూ. ఆయాసం వచ్చిన సాయంత్రాలు ఆమె ఆ చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూచుని, కొమ్మలు కదిలేది చూస్తూ మెల్లగా ఊపిరి కూడదీసుకునేది. అలాంటప్పుడు ఆదిమూలం మాట్లాడేవాడు కాదు. కొంచెం దూరంలో ఏదో కలుపు పీకుతూ ఉండేవాడు.

ఆదిమూలం కాపురం కాలవ ఒడ్డున ఒంటి గదిలో. భార్య గోవిందమ్మ రెండిళ్ళలో పిండి రుబ్బేది. వాళ్ళకీ ఒక్కడే కొడుకు, జనార్దనం. మొగుడు ఇంటికొచ్చి కూడా ఆ చెట్టు సంగతే చెబుతుంటే గోవిందమ్మకి ఒళ్ళు మండేది.

"ఆ చెట్టుకి జొరం వస్తే నీకు నిద్ర పట్టదు. బిడ్డకి వస్తే నేను చూసుకోవాల," అనేది.

అది నిజమే. ఆదిమూలం కాదనలేదు.

1972లో దామోదరం శెట్టి మండీలోనే గుండె ఆగి పోయాడు. ఆదికేశవులు వ్యాపారంలోకి వచ్చాడు. పెళ్ళి చేసుకున్నాడు. కోడలు అలివేలు కాళహస్తి పిల్ల, నెమ్మదస్తురాలు. ఆదికేశవులు చెడ్డవాడేమీ కాదు. తల్లి ఎదుట గొంతు పెంచి మాట్లాడడు. పనివాళ్ళని తిట్టడు. తనకి కావలసింది మాత్రం ఎలాగైనా జరిపించుకుంటాడు.

మొదటి బిడ్డ బారసాల రోజున ఇంటినిండా చుట్టాలున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి స్నానాల గది తూములోంచి మురికి నీళ్ళు వెనక్కి తన్ని, నడవ దాకా వచ్చాయి. ఆ కంపుకి విస్తళ్ళ ముందు కూచున్నవాళ్ళు లేచిపోయారు. అలివేలు పసిబిడ్డని ఎత్తుకుని గదిలో కూచుని ఏడ్చింది. మర్నాడు మనిషిని పిలిపించి తవ్విస్తే, మట్టి గొట్టాల లోపల జడలాగా అల్లుకుపోయిన ఎర్రటి వేళ్ళు గంపలు గంపలుగా వచ్చాయి. ఊటీ చెట్టు వేళ్ళు.

"దీన్ని తీసేద్దామమ్మా," అన్నాడు ఆదికేశవులు. కొత్తగా కొన్న కారుకి షెడ్డు వేసుకోవడానికీ ఆ చోటే కావాలి అతనికి.

"గొట్టాలు మార్పించు. ఇనపవి వెయ్యి," అంది వాసవాంబ.

"వేరు ఈ పక్కకి రాకుండా నేను కందకం తవ్వి ఏడాదికొకసారి కోస్తా ఉంటాను చిన్నయ్యా," అన్నాడు ఆదిమూలం కూడా.

"ఎన్నేళ్ళు తవ్వుతావు?"

వాసవాంబ లేచి నిలబడింది. "నేను పోయినాక ఏమైనా చేసుకోండి. నేను ఉండగా దాని మీద కత్తి పడకూడదు," అని లోపలికి పోయింది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం అంతకు ముందు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

అది 1975. జనార్దనం పదకొండో తరగతి పాసై ఏడాదిగా ఖాళీగా తిరుగుతున్నాడు. తెల్లారి లేచి ఏ కంపెనీ గేటు ముందరో నిలబడి, సాయంత్రం దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు. ఆ వేసవిలో వాసవాంబ చెల్లెలి కూతురి పెళ్ళికని నెల్లూరు వెళ్ళింది, పది రోజులకి. ఆమె రైలెక్కిన మర్నాడే ఆదికేశవులు తోటలోకి వచ్చాడు.

"మీవాడికి ఇంకా పని దొరకలేదంట కదా ఆదిమూలం?"

"లేదు చిన్నయ్యా."

"తిరువొత్తియూరులో ఒక కంపెనీలో మేనేజరు నాకు బాగా కావలసినవాడు. పర్మనెంటు ఉద్యోగం. నేను చెప్తే కాదనడు." కాసేపాగి చెట్టువైపు చూశాడు. "దీన్ని నువ్వు ఏడాదికోసారి కత్తిరిస్తావు కదా. ఈసారి ఇప్పుడే కత్తిరించు. బాగా కిందికి. కొట్టేసినట్టు ఉండకూడదు. కత్తిరించినట్టు ఉండాల."

ఆదిమూలం కింద పెట్టబోయిన బిందె చేతిలోనే ఉండిపోయింది. "నడివేసవి, కత్తిరి ఎండలు చిన్నయ్యా. ఇప్పుడు కోస్తే చచ్చిపోతుంది."

"నాకు తెలుసు," అన్నాడు ఆదికేశవులు మెత్తగా. "అమ్మ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. అదంతట అదే పోతే ఆమె తట్టుకుంటుంది. నువ్వు చెప్తే నమ్ముతుంది."

ఆ సాయంత్రం ఆదిమూలం సంగతంతా గోవిందమ్మకి చెప్పాడు. ఆమె చాటలో బియ్యం ఏరుతూ వింది. అంతా విని, "ఇందులో ఆలోచించేది ఏముండాది?" అంది. "అది చెట్టు. వీడు మన బిడ్డ."

"అమ్మ నన్ను నమ్మింది."

"నమ్మింది సరే. మనవాడికి పని ఇప్పించిందా? పన్నెండేళ్ళు. ఒక్కసారన్నా అడిగిందా, నీ కొడుకు ఏం చేస్తా ఉండాడని?"

అడగలేదు. ఆ మాట అతన్ని గట్టిగా పట్టుకుంది. రెండు రోజులు దాన్నే మనసులో తిప్పుకున్నాడు. మూడో రోజు నడినెత్తిన ఎండ ఉండగా నిచ్చెన వేశాడు. పచ్చని కొమ్మలు పడుతుంటే మెత్తగా, చీర జారినట్టు చప్పుడయింది. సాయంత్రానికి ఛాతీ ఎత్తు మాను ఒక్కటే మిగిలింది. కోసిన చోట్ల ముద్ద రాయలేదు. స్నానాల గది నీళ్ళ కాలవని మట్టితో పూడ్చేశాడు. కొమ్మలు మూడు బండ్లయ్యాయి.

నెల్లూరు నుంచి వచ్చిన వాసవాంబ గేటు లోపల నిలబడిపోయింది. చేతిలో పెళ్ళి వాళ్ళిచ్చిన తాంబూలం సంచి అలాగే ఉంది.

"పురుగు పట్టిందమ్మా," అన్నాడు ఆదిమూలం. రాత్రింబవళ్ళు తయారు చేసుకున్న మాట. "కొమ్మల లోపలంతా తొలిచేసింది. తీసెయ్యకపోతే మాను కూడా పోయేది."

"ఈ ఎండల్లోనా? తైలోనే కదా కొయ్యాలంటావు?"

"ఆగేదానికి లేదమ్మా."

ఆమె మాను దగ్గరికి పోయి, కోసిన చోటు తడిమి చూసింది. పాలల్లే తెల్లగా ఉంది, ఎక్కడా తొర్ర లేదు. "ముద్ద రాయలేదే?" అంది.

"పురుగు లోపలే ఉండిపోతుందని రాయలేదు."

వాసవాంబ కొంచెంసేపు అతని మొహంలోకి చూసింది. "సరి. నాకన్నా నీకు బాగా తెలుసు," అంది.

ఆ రోజు నుంచి ఆమె సాయంత్రాలు చిన్న బిందెతో తనే నీళ్ళు మోసింది. బావి నుంచి మాను దాకా పది అడుగులు. ఆ పది అడుగులకీ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకునేది. ఆదిమూలం అందుకోబోతే వద్దంది. చచ్చిపోవలసిన మాను అలా వారాలు గడిపింది. వేసవి పోయి ఆడి నెల వచ్చాక రెండు వానలు పడ్డాయి. ఒక పొద్దున ఆదిమూలం వచ్చి చూస్తే బెరడు పగిలి, ఎర్రటి కొనలతో చిగుళ్ళు వచ్చాయి. పన్నెండో పదమూడో.

వేలితో ఒకదాన్ని తాకాడు. నోటి నుంచి "బతికినావా తల్లీ" అన్న మాట వచ్చేసింది.

వాసవాంబ చూసి ఏడ్చినంత పని చేసింది. "చూసినావా, చూసినావా! నువ్వు చెప్పినట్టే అయింది ఆదిమూలం. పురుగు పోయింది," అంది. ఆ పూట అతనికి ఇంట్లో చేసిన చక్కెర పొంగలి పంపించింది.

ఆదికేశవులు ఆ సాయంత్రమే అతన్ని గేటు దగ్గర ఆపాడు. "ఏమిది?" అన్నాడు.

"నేనేం చేసేది చిన్నయ్యా? అది మొండి చెట్టు."

"చిగురు వచ్చినప్పుడల్లా గిల్లేస్తే?"

ఆదిమూలం మానువైపు చూశాడు.

"మీవాడి ఉద్యోగం ఆర్డరు ఇంకా రాలేదు కదా," అని ఆదికేశవులు కారెక్కాడు.

అప్పటి నుంచి ఆదిమూలం బాగా తెల్లవారకముందే, ఇంట్లో ఎవరూ లేవకముందే వచ్చేవాడు. మాను చుట్టూ తిరిగి, బొటనవేలితో చిగుళ్ళు నలిపేసేవాడు. అవి మెత్తగా, చల్లగా ఉండేవి. వేలికి పచ్చటి పసరంటి పగలంతా వాసన వేసేది. ఒకచోట గిల్లితే అది రెండుచోట్ల లేచేది. బెరడు మడతల్లో, మొదట్లో మట్టి కింద, వెతికి వెతికి గిల్లాడు. అంతకు ముందు ఏ కన్ను ఎక్కడ లేస్తుందో ముందే చెప్పగలిగిన తెలివంతా ఇప్పుడు దీనికి పనికొచ్చింది.

ఒకరోజు వాసవాంబ అడిగింది. "నిన్న సాయంత్రం ఈడ ఒకటి చూసినా ఆదిమూలం. ఇప్పుడు లేదు."

"ఉడత కొరికి ఉంటుందమ్మా."

"ఉడతా?"

"ఆమా అమ్మా, ఉడతే."

ఆమె ఆ చోటు వేలితో తడిమి లోపలికి పోయింది.

దసరా దగ్గరపడే పురట్టాసి నెలలో ఒక పొద్దున మాను మీద ఏడు చిగుళ్ళు కనిపించాయి. అంతకు ముందువాటిలాగా ఎర్రగా లేవు. పాలిపోయి, సన్నగా ఉన్నాయి. చెట్టు తనలో మిగిలిందంతా ఊడ్చి బయటపెట్టినట్టుంది. ఆదిమూలం చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు గిల్లలేదు. కత్తెర గూట్లో పెట్టి, ఒంట్లో బాగాలేదని కాపలావాడు అరుముగంతో చెప్పి ఇంటికి పోయాడు. దారంతా అతనికి తేలిగ్గా ఉంది. ఇక చెయ్యనని చెప్పేద్దామనుకున్నాడు. ఉద్యోగం పోతే పోయింది, వాడికి వేరే చూద్దామనుకున్నాడు.

ఇంటి ముందర గోవిందమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. జనార్దనం తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని ఉన్నాడు. కంపెనీ నుంచి కబురొచ్చింది, రేపు డాక్టరు పరీక్షకి రమ్మని.

"నాయనా, ఇది అయిపోతే పర్మనెంటే అంట," అన్నాడు జనార్దనం. ఏడాది తరువాత వాడి గొంతులో ప్రాణం వినబడింది.

ఆదిమూలం గుమ్మంలోనే కాసేపు కూచున్నాడు. మంచినీళ్ళు తాగాడు. తరువాత లేచి మళ్ళీ మైలాపూరు నడిచాడు. పది గంటలప్పుడు, బాగా పొద్దెక్కాక, ఎవరైనా చూస్తారేమోనన్న జంకు కూడా లేకుండా, ఆ ఏడు చిగుళ్ళూ గిల్లేశాడు.

ఆ తరువాత మళ్ళీ రాలేదు. వానాకాలం వచ్చేసరికి బెరడు నల్లబడి పలకలు పలకలుగా ఊడింది. ధనుర్మాసంలో, మార్గళి నెలలో, మానుని మొదలంటా నరికింది ఆదిమూలమే. ఆ రోజు వాసవాంబ కిందికి రాలేదు. అతనికి కాఫీ మాత్రం పంపించింది. సంక్రాంతి దాటాక ఆ చోట కారు షెడ్డు లేచింది.

ఆదికేశవులు మాట నిలబెట్టుకున్నాడు. జనార్దనం ఉద్యోగంలో చేరాడు, పర్మనెంటు అయ్యాడు. మంచి పనివాడని పేరు తెచ్చుకున్నాడు. ఒక్కపూట సెలవు పెట్టేవాడు కాడు. గోవిందమ్మ పిండి రుబ్బే పని మానేసింది. ఏదో ఒక దెబ్బ తగులుతుందని ఆదిమూలం చాలా రోజులు భయపడ్డాడు. మిషన్లో చెయ్యి పడుతుందనో, కంపెనీ మూసేస్తారనో. ఏమీ జరగలేదు. అంతా బాగానే జరిగింది. అతనికి అదే సహించలేనిదయింది.

బంగళాలో పని మానలేదు. మల్లెలు, క్రోటన్లు, గోరింట కంచె చూసుకునేవాడు. వాసవాంబ తులసికోట దాకా వచ్చి వెనక్కి పోయేది. సాయంత్రాలు మేడ మీద గదిలోనే కూచునేది. పని ఉంటే చెప్పేది, లేకపోతే లేదు. తై నెల వచ్చినా కుర్చీ వేసుకునేది కాదు. చెట్టు పోయిన దిగులు అనుకున్నాడతను. ఎన్నోసార్లు చెప్పేద్దామని మేడ మెట్ల దాకా పోయాడు. అప్పుడల్లా కొడుకు ఉద్యోగం గుర్తొచ్చేది. అలా ఆరేళ్ళు జరిగిపోయాయి.

1981లో జనార్దనానికి పెళ్ళయింది. తిరువొత్తియూరులో రెండు గదుల ఇల్లు తీసుకుని, తల్లినీ తండ్రినీ వచ్చెయ్యమన్నాడు. ఆదిమూలం చివరి రోజు సెలవు తీసుకోవడానికి మేడ మీదికి పోయాడు. వాసవాంబ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. పళ్ళెంలో అంచు పంచె, పండూ ఆకూ సిద్ధంగా పెట్టి ఉంచింది.

"పద్దెనిమిదేళ్ళు చేసినావు. తీసుకో," అంది.

అతను చేతులు చాపలేకపోయాడు. నేల మీద కూలబడ్డాడు. "అమ్మా, ఊటీ చెట్టుకి పురుగు పట్టలేదమ్మా," అన్నాడు.

"తెలుసు."

"చిగుళ్ళు ఉడతలు కొరకలేదమ్మా. నేనే..."

"తెలుసు ఆదిమూలం." ఆమె గొంతులో కోపం లేదు. "ఈ కిటికీలోంచి కనపడేది. ఆయాసానికి నాకు తెల్లారుజామున నిద్ర ఉంటుందా? మొదటి రోజు నువ్వేదో పురుగు ఏరుతా ఉండావనుకున్నా. రెండో రోజు అర్థమైంది."

ఆదిమూలం తలెత్తి కిటికీ వైపు చూశాడు.

"రోజూ చూస్తా ఉండినా. ఈ పొద్దు ఒక్కటైనా వదిలిపెడతాడు, ఈ పొద్దు ఒక్కటైనా వదిలిపెడతాడు అని. ఒకనాడు ఏడు వదిలిపెట్టి పోయినావు. నేను కిందికి దిగి వచ్చి ఎంచి చూసుకున్నా. ఏడు. ఆ రెండు మూడు గంటలు నేనెంత సంతోషంగా ఉండినానో నీకు తెలీదు. మళ్ళీ పది గంటలకి వచ్చినావు."

"ఎందుకు ఆపలేదమ్మా? ఒక్క కేక వేసి ఉంటే..."

"కేక వేస్తే నువ్వు నా కొడుకు పేరు చెప్పేవాడివి. చెప్పినాక వాడితో ఒకే ఇంట్లో నేనెట్ల ఉండేది? నేనూ నోరు మూసుకున్నాను. నీకన్నా నేనేం గొప్ప? కానీ నేను కన్నది వాణ్ణి. నువ్వు పెంచింది దాన్ని. నీ చెయ్యి రాదనుకున్నా." కొంచెం ఆగి ఊపిరి తీసుకుంది. "మీవాడి సంగతి నన్ను ఒక్కమాట అడిగి ఉండొచ్చు కదా. నేనూ అడగలేదులే. అది నా తప్పు."

అతను ఆమె కాళ్ళ వైపు వంగబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"వద్దు. ఇప్పుడు చెప్పి నీ బరువు దించుకున్నావు. నాది ఎక్కడ దించేది? ఆ పంచె తీసుకుని పో. పని చేసినదానికి ఇచ్చేది అది, వేరేమీ కాదు."

ఆదిమూలం పంచె తీసుకుని వచ్చాడు. ఇంటికొచ్చి అంతా గోవిందమ్మకి చెప్పాడు. ఆమె పొయ్యి మీది గిన్నె దించింది. "ఆమెకి తెలిసీ ఆరేళ్ళు నీతో పని చేయించుకుందా?" అని మాత్రం అడిగింది. తరువాత ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్యా మళ్ళీ రాలేదు.

తిరువొత్తియూరు ఇంటి వెనక ఒక మునగచెట్టు ఉండేది. కొమ్మలు పక్కింటి మీదికి పోతున్నాయని, కొంచెం కొట్టమని కోడలు అడిగింది. "నాకు చెయ్యి నొప్పి, వేరెవరినైనా పిలు," అన్నాడు. సముద్రపు గాలికి ఆ ఇంట్లో ఏ మొక్కలూ సరిగా రావని కోడలు అంటే, అవునన్నాడు. పొద్దున రైలు పట్టాల పక్కన నడవటం, మనవడిని ఎత్తుకోవడం, పేపరు చదివించుకుని వినడం, అంతే. జనార్దనం మంచి కొడుకు. తండ్రిని ఏ లోటూ లేకుండా చూసుకున్నాడు. తన ఉద్యోగం ఎలా వచ్చిందో వాడికి ఎప్పటికీ తెలియలేదు. ఆదికేశవులు గారి దయ అని మాత్రం తెలుసు. ఏడాదికోసారి ఆయనకి పండ్లు పట్టుకుని పోయి దండం పెట్టి వచ్చేవాడు.

1984లో అలా పోయి వచ్చిన రోజే వాడు చెప్పాడు, వాసవాంబ గారు పోయి పది రోజులయిందని. ఆదిమూలం మర్నాడు బస్సెక్కి మైలాపూరు పోయాడు. బంగళా గేటు తీసే ఉంది. పదకొండో రోజు కర్మ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోతున్నారు. గుండు మీద తువ్వాలు కప్పుకున్న ఆదికేశవులు అతన్ని చూసి ఎదురొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ఏడుపు నిజమైనదే.

"వచ్చినావా ఆదిమూలం. అమ్మ నీ సంగతి చెప్పేది అప్పుడప్పుడు," అన్నాడు.

"ఏమని చెప్పేది చిన్నయ్యా?"

"తోటపని నీలాగా చేసేవాడు లేడని." అతను చుట్టూ చేత్తో చూపించాడు. మల్లెలు ఎండి పుల్లలయ్యాయి. గోరింట కంచె అడ్డదిడ్డంగా పెరిగింది. "చూడు ఎట్లా అయిపోయిందో. నలుగురిని మార్చినా. ఒక్కడూ నమ్మకమైనవాడు దొరకలేదు. వారానికి రెండు రోజులైనా వస్తావా? కారు పంపిస్తాను."

ఆదిమూలం అతన్నే చూస్తూ నిలబడ్డాడు. అతను ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాడు. పాత బేరం అతనికి గుర్తు కూడా ఉన్నట్టు లేదు.

"నాకు ఆ పని రాదు చిన్నయ్యా," అన్నాడు ఆదిమూలం.

ఆదికేశవులు అర్థం కాక నవ్వాడు. వయసైపోయిందని అంటున్నాడేమో అనుకున్నాడు. లోపలికి పోయి భోంచెయ్యమన్నాడు. ఆదిమూలం వద్దని, చెప్పులు తొడుక్కుని గేటు దాటాడు. బస్సు చాలాసేపటికి గానీ రాలేదు. ఇంటికి చేరేసరికి మూడు దాటింది. గోవిందమ్మ గుమ్మంలో ఎదురుచూస్తూ ఉంది. అన్నం తిన్నావా అని అడిగింది. లేదన్నాడు. ఆమె కంచం పెట్టింది.